ఏ మందు సార్?: ఇంటికిచ్చే డోసుల అధ్యయనంలో పేషెంట్లతో ఏడాదిన్నర

మత్తుమందుల అలవాటుకు చికిత్స ఇచ్చే మా క్లినిక్‌లో ఒక అధ్యయనానికి సలహాలివ్వడానికి పేషెంట్ల ప్యానెల్ ఒకటి పెట్టాం. దాని మొదటి మీటింగ్ సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు పెట్టాను. ఏడుగురిని పిలిస్తే ఇద్దరే వచ్చారు. మిగతా ఐదుగురూ ఎగ్గొట్టలేదు. మీటింగ్ గది అద్దంలోంచి చూస్తే ఎదురుగానే ఉన్నారు, డోసు కౌంటర్ ముందు క్యూలో. మా కౌంటర్ తొమ్మిదికి తెరిచి పదకొండుకు మూసేస్తారు. ఆ రెండు గంటలు దాటితే ఆ రోజుకి మాత్ర లేనట్టే. మర్నాటికల్లా ఒంటినొప్పులు, చెమటలు, నిద్ర పట్టకపోవడం. పదకొండేళ్లుగా ఆ క్యూ పక్కనుంచే నా గదిలోకి నడిచి వెళ్తున్న మనిషిని, ఈ సంగతి నాకు తెలియక కాదు. నా క్యాలెండర్‌లో ఖాళీ ఉన్న గంట చూసుకుని కబురు పెట్టేశాను, అంతే.

వచ్చిన ఇద్దరిలో ఒకరు అందరికన్నా పెద్దాయన. అద్దంలోకి చూస్తూ అన్నారు: "మమ్మల్ని లోపలికి పిలిచారు, బాగానే ఉంది సార్. క్యూ మాత్రం బయటే ఉంది."

ఆ సోమవారం నుంచి ఏడాదిన్నర పాటు ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, క్లినిక్ పేరు రాయడం లేదు. రాస్తే ప్యానెల్‌లో ఎవరున్నారో చుట్టుపక్కలవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. అలాంటి పొరపాటు ఒకటి మావల్ల ఇప్పటికే జరిగింది. దాని సంగతి తర్వాత వస్తుంది.

కమిటీకి కావలసింది, మేం రాసుకున్నది

హెరాయిన్‌కో, నొప్పి మాత్రలకో అలవాటు పడ్డవాళ్లకు వాటి బదులు మెథడోన్ గానీ బ్యూప్రెనార్ఫిన్ గానీ కొలిచి ఇచ్చే చికిత్స కొత్తదేం కాదు. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే డాక్టర్లు మెథడోన్‌తో చేసిన పని 1965లోనే అచ్చయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెంటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. చికిత్స పనిచేస్తుందా అన్నదాని మీద ఇప్పుడు పెద్ద తగువు లేదు. తగువంతా ఎలా ఇవ్వాలి, ఎవరి చేతికి ఎన్ని మాత్రలివ్వాలి అన్నదాని మీదే.

మా దగ్గర ఇచ్చేది బ్యూప్రెనార్ఫిన్. మాత్ర నాలుక కింద పెట్టుకుని అది కరిగేదాకా ఐదు నుంచి పది నిమిషాలు నర్సు ఎదుట కూర్చోవాలి. మింగేస్తే సరిగా పనిచేయదు. మాట్లాడకూడదు. చివర నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపాలి. ఇరవై ఏళ్ల కుర్రాడైనా, మనవలున్న మనిషైనా రోజూ ఇదే.

విధాన కమిటీ మమ్మల్ని అడిగింది ఒక్కటే: కుదుటపడ్డ పేషెంట్లకు ఏడు రోజుల మాత్రలు, పద్నాలుగు రోజుల మాత్రలు ఇంటికిచ్చేస్తే ఏమవుతుంది? ఇస్తే మాత్రలు పక్కదారి పడతాయేమోనని భయం, ఇంట్లో పిల్లలు మింగుతారేమోనని ఇంకో భయం. ఇవ్వకపోతే రోజూ రాలేక మనుషులు చికిత్సే వదిలేస్తారు. మేం మూడు కొలతలు రాసుకున్నాం: ఆరు నెలల తర్వాత చికిత్సలో ఎంతమంది మిగిలారు, ఎన్ని డోసులు తప్పాయి, ఎన్ని మాత్రలు పక్కదారి పట్టాయి. ప్రోటోకాల్, అంటే అధ్యయనం ప్లాను, నీట్‌గా ఉంది. పంపిన రోజు నేను చాలా సంతోషించాను కూడా.

ప్యానెల్ ఎందుకు పెట్టామంటే, గ్రాంటు ఫారంలో ఆ గడి ఉంది కాబట్టి. "పేషెంట్లను, ప్రజలను ఎలా కలుపుకుంటారు?" అని ఒక ప్రశ్న, రెండొందల పదాల జాగా. నింపాం.

పాల్గొనడం, పాలుపంచుకోవడం

ఈ రెండు మాటల మధ్య తేడా నాకు కాగితం మీద తెలుసు. స్టడీలో పాల్గొనేవాళ్లు సంతకం పెట్టి, రక్తమో సమాధానమో ఇచ్చి వెళ్తారు. పాలుపంచుకునేవాళ్లు ఏం అడగాలో, ఎలా అడగాలో, వచ్చిన జవాబుని ఎలా చదవాలో మనతో కలిసి తేలుస్తారు. బ్రిటన్‌లో 1996లో మొదలై తర్వాత ఇన్‌వాల్వ్ అనే పేరుతో నడిచిన బృందం దీన్ని పొట్టిగా చెప్పింది: జనం మీదో, జనం గురించో, జనం కోసమో చేసే పరిశోధన కాదు, జనంతో కలిసి, జనం చేత జరిగే పరిశోధన. అమెరికాలో 2010 ఆరోగ్య చట్టం కింద, పరిశోధనలకు నిధులిచ్చే పికోరి అనే సంస్థ పుట్టాక ఈ షరతు నిధులతో ముడిపడింది. అలా ముడిపడినచోటల్లా అది మొక్కుబడి తంతుగా మారే ప్రమాదమూ వచ్చిపడింది. మా ఫారమే అందుకు సాక్ష్యం.

పౌరుల భాగస్వామ్యం ఎంతవరకు నిజమో చూపడానికి షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో గీసిన ఎనిమిది మెట్ల నిచ్చెన గురించి ఈ రంగంలో అందరూ చెబుతారు. అడుగున జనాన్ని ఏమార్చి ఆడించడం, పైన పౌరుల పెత్తనం. నిచ్చెన మంచిదే గానీ దాన్ని పరీక్ష మార్కుల్లా వాడటం నాకు నచ్చదు. మా ప్యానెల్ ఒకే మీటింగులో మూడు మెట్లు ఎక్కి రెండు దిగిన రోజులున్నాయి.

మాదకద్రవ్యాల రంగానికి ఇంకో చరిత్ర కూడా ఉంది, అది పరిశోధకుల దయతో మొదలైంది కాదు. 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ఫార్మసీ సిరంజీలు అమ్మడం ఆపేస్తే, హెపటైటిస్ బి పాకుతుందన్న భయంతో మత్తు వాడేవాళ్ల సంఘమే సూదుల మార్పిడి మొదలుపెట్టించింది. వాడిన సూది ఇచ్చి కొత్తది తీసుకెళ్లడం, అంతే పథకం. నేడు ఎన్నో దేశాల ఆరోగ్య విధానంలో ఉన్న పద్ధతి అలా పుట్టింది. మూడో మీటింగులో ఈ కథ చెప్పాను. వెల్డింగ్ పని చేసే సభ్యుడు ఒకరు విని, "మరి ఆ సంఘంవాళ్ల పేర్లు మీ పేపర్లలో ఉంటాయా?" అని అడిగారు. నేను చదివినవాటిలో ఎక్కువగా డాక్టర్ల పేర్లే ఉన్నాయని ఒప్పుకున్నాను.

ఎవరొచ్చారు, ఎవరు రాలేదు

రెండో మీటింగు నుంచి మధ్యాహ్నం రెండున్నరకు మార్చాం. ఏడుగురూ వచ్చారు. ఆరుగురు పేషెంట్లు, వాళ్లలో ఒకే ఒక మహిళ. ఒక పేషెంటు తల్లి. క్లినిక్ వెనక వీధిలో ఉండే ఒక టీచరమ్మ తర్వాత రెండు మీటింగులకు వచ్చారు. ఈవిడ గురించి తర్వాత చెబుతాను.

లోటు ఎక్కడో చూడగానే తెలుస్తుంది. చికిత్స మధ్యలో వదిలేసినవాళ్లు ఒక్కరూ లేరు. రోజూ రావడం ఎంత కష్టమో ఎక్కువ తెలిసింది వాళ్లకే, మేం పిలిచింది మాత్రం రోజూ రాగలిగినవాళ్లని. ఆరో నెలలో పెద్దాయనే ఈ మాట ఎత్తి, తనకు తెలిసిన ఇద్దరితో తానే మాట్లాడి వస్తానన్నారు. వాళ్లు క్లినిక్ గడప తొక్కడానికి ఒప్పుకోలేదు. ఆయనే వెళ్లి, వాళ్లు చెప్పింది గుర్తుంచుకుని మాకు చెప్పారు. పద్ధతి ప్రకారం ఇది బలహీనమైన సమాచారమే. లేనిదానికన్నా నయం.

ఎథిక్స్ కమిటీ ఒక నెల తినేసింది. ప్యానెల్ సభ్యుల దగ్గర కూడా కన్సెంట్ ఫారాలు తీసుకోమంది. వీళ్లు స్టడీలో సబ్జెక్టులు కారు, సలహాదారులు, మీరు మీ సభ్యుల దగ్గర కన్సెంట్ తీసుకుంటారా అని రాశాను. ఆ వాక్యం కొంచెం పొగరుగా ఉందని ఇప్పుడనిపిస్తుంది, కానీ పని జరిగింది.

డబ్బు దగ్గర ఇంకా తడిసి మోపెడైంది. బయటి నిపుణులకు గంటకు ఎంత ఇస్తామో ప్యానెల్‌కూ అంతే ఇవ్వాలని మేం పట్టుబట్టాం. అకౌంట్స్ విభాగం బ్యాంకు ఖాతా, గుర్తింపు కార్డు అడిగింది. ఇద్దరు సభ్యులు తమ పేరు ఈ క్లినిక్ ఫైల్లో ఇంకోచోట ఎక్కడం ఇష్టం లేదన్నారు. ఒక సమీక్షకుడైతే చేతికి నగదు ఇస్తే దేనికి ఖర్చుపెడతారోనని రాశాడు. ఆ వాక్యం ప్యానెల్‌కు చూపాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చూపించాను. ఎవరూ కోప్పడలేదు. తల్లి మాత్రం, "మీ జీతం దేనికి ఖర్చుపెడతారని మిమ్మల్ని ఎవరైనా అడిగారా బాబూ?" అన్నారు. చివరికి కోడ్ నంబర్ల మీద సంతకంతో నగదు ఇచ్చే ఏర్పాటు దొరికింది. దొరకడానికి నాలుగు నెలలు పట్టింది, అప్పటిదాకా వాళ్లు ఊరికే పనిచేశారు.

పద్నాలుగో ప్రశ్న

ప్రశ్నావళి చదవడానికి మూడు మీటింగులు పట్టింది. నేను ఒకటే అనుకున్నాను.

పద్నాలుగో ప్రశ్న ఇలా ఉంది: "గత 30 రోజుల్లో మీరు మందు మానేసిన రోజులు ఎన్ని?" వెల్డింగ్ ఆయన పైకి చదివి ఆగారు. పక్కాయన మొహం చూసి నవ్వారు. తర్వాత గదంతా నవ్వు. నాకు అర్థం కాలేదు.

"ఏ మందు సార్?"

అప్పుడు వెలిగింది. తెలుగులో మందంటే కౌంటర్ దగ్గర ఇచ్చే మాత్ర, మందంటే సీసాలోది, మందంటే మత్తుమందు కూడా. తాగుడు పూర్తిగా మానేసినాయన గర్వంగా 30 అని రాస్తాడు. హెరాయిన్ ముట్టనాయనా 30 రాస్తాడు. నెలంతా కౌంటర్‌కే రానాయనా 30 రాస్తాడు. ముగ్గురి బతుకులు మూడు దిక్కులు, మా పట్టికలో ఒకే అంకె. ఈ ప్రశ్నావళిని మేం ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లీషులోకి అనువదింపజేసి సరిచూసుకున్నాం. పద్ధతి అదే చెబుతుంది. మళ్లీ ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు "మందు" చక్కగా మందుగానే తిరిగొచ్చింది, ఎవరికీ అనుమానం రాలేదు. పెద్ద డిగ్రీలున్నవాళ్లం నలుగురం చదివాం. ఆ మాటకు రోజూ మూడర్థాలతోనూ పనిపడేవాళ్లు చదివాకే బయటపడింది.

కొత్త ప్రశ్నల్లో "మాత్ర", "సరుకు", "తాగుడు" అని మూడు వేర్వేరు మాటలు పెట్టాం. "సరుకు" అని రాయడానికి మాలో ఒకరు మొహమాటపడ్డారు. "మేం అనేది అదే, మీరు రాయకపోతే మాకెలా తెలుస్తుంది?" అన్నారు ప్యానెల్‌లోని మహిళ.

ఇరవై రెండో ప్రశ్న ఇంతకన్నా కష్టం. "మీకిచ్చిన మాత్రలను ఎప్పుడైనా దుర్వినియోగం చేశారా?" దీనికి అవునని చెప్పే మనిషి పుట్టలేదని అందరూ ఒకేసారి అన్నారు. చెప్పినా ఏం చెప్పినట్టు? వెల్డింగ్ ఆయన మాట ఇంచుమించు ఇలా రాసుకున్నాను: "అమ్ముకోవడం వేరు సార్. తోటివాడు వణికిపోతుంటే చూడలేక సగం విరిచి ఇవ్వడం వేరు. మీ దగ్గర రెంటికీ ఒకటే పదముంది." చట్టం దృష్టిలో రెండూ ఒకటే కదా అన్నాను. "చట్టం ఏమంటుందో మాకు మీకన్నా బాగా తెలుసు. మీరు వెతికేది కారణం అనుకున్నాను" అన్నారు.

ఆయన చెప్పింది మా రంగంలో అచ్చైనదానికి దగ్గరగానే ఉంది. పక్కదారి పట్టిన బ్యూప్రెనార్ఫిన్‌లో చాలా భాగం వాడకం మత్తు కోసం కాదని, చికిత్స అందనివాళ్లు విత్‌డ్రాయల్ బాధ (సరుకు అందనప్పుడు ఒంట్లో వచ్చే బాధ) తట్టుకోవడానికని చాలా అధ్యయనాలు చెప్పాయి. అది నేను చదివినదే. ప్రశ్న రాసేటప్పుడు అక్కరకు రాలేదు.

ప్యానెల్ మార్చి రాసిన ప్రశ్న ఇది: "పోయిన నెల ఇంట్లో మాత్ర మిగిలిన రోజులున్నాయా? మిగిలిన మాత్ర ఏమైంది?" కింద గళ్లు: ఇంకా ఇంట్లోనే ఉంది, రేపటికి దాచుకున్నాను, ఒంట్లో బాగాలేనివాళ్లకు ఇచ్చాను, అమ్మాను, పోగొట్టుకున్నాను, చెప్పను. ఆఖరి గడి పెట్టించింది తల్లి. "చెప్పను అనే వీలుంటేనే మిగతావి నిజం చెబుతారు" అని ఆవిడ వాదన. పేరు, కోడ్ ఏదీ లేని కాగితం, తాళం వేసిన పెట్టెలో వాళ్లే వేసేలా.

ఇక్కడ మేం పూర్తిగా ఏకాభిప్రాయానికి రాలేదన్నది దాచను. ముగ్గురు సభ్యులు పక్కదారి గురించి అసలేమీ అడగొద్దన్నారు. అడిగితే ఆ లెక్క చూపించి ఇంటి డోసులు ఆపేస్తారని వాళ్ల భయం. భయంలో పస లేకపోలేదు. కానీ ఆ కొలత లేకపోతే కమిటీ మా నివేదిక పక్కన పడేస్తుందని నాకు ఖాయంగా తెలుసు. ఉంచాం. వాళ్ల అభ్యంతరం నివేదికలో వాళ్ల మాటల్లోనే ఒక పేజీ వేశాం.

మనుషులను ఏ పేరుతో పిలవాలన్న సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రశ్నావళి ముందుమాటలో "మత్తుకు బానిసలైన వ్యక్తులు" అని ఉంది. కొట్టేయమన్నారు, కొట్టేశాం. 1983లో డెన్వర్‌లో ఎయిడ్స్ ఉన్నవాళ్లు తమని బాధితులనొద్దని ప్రకటించారు. నలభై ఏళ్ల తర్వాత ఇంకో జబ్బుకి అదే మాట మళ్లీ చెప్పించుకున్నాం.

ఫస్టు మార్కు

చికిత్సలో మిగిలినవాళ్లు ఎందరు అన్నది ఈ రంగంలో గుండెకాయ లాంటి కొలత. దాని మీద ఎవరూ వేలెత్తరని అనుకున్నాను. ప్యానెల్‌లోని మహిళ ప్యాకింగ్ పనిలో ఉంటారు, షిఫ్టు మారుతూ ఉంటుంది. ఐదో మీటింగ్ దాకా పెద్దగా మాట్లాడలేదు. ఆ రోజు కాగితం మీద వేలు పెట్టి అన్నారు:

"మూడేళ్లలో నేను ఒక్కరోజు కూడా తప్పలేదు. మీ లెక్కలో నాకు ఫస్టు మార్కు. ఈ మూడేళ్లలో మూడు ఉద్యోగాలు పోయాయి. తొమ్మిదింటికి ఇక్కడుండాలి కాబట్టి."

తర్వాత చాలాసేపు ఎవరూ నోరు మెదపలేదు.

ఆవిడ చెప్పింది మా మొదటి రెండు కొలతల్నీ తలకిందులు చేసింది. కౌంటర్‌కు రాని రోజు వైఫల్యం, వచ్చిన రోజు విజయం అని మేం లెక్కేసుకున్నాం. కొత్త పని దొరికి రాలేకపోయిన రోజు కూడా మా పట్టికలో తప్పిన డోసే, మళ్లీ సరుకు వాడకంలోకి జారిపోయి రాని రోజూ తప్పిన డోసే. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ పరిశోధనలో ఇలాంటిదే జరిగింది. డాక్టర్లు వాచిన కీళ్లు లెక్కపెడుతూ వచ్చారు. ఏం కొలవాలో తేల్చే ఒమెరాక్ట్ సమావేశంలో 2002లో మొదటిసారి పేషెంట్లను కూర్చోబెడితే, వాళ్లు ముందు చెప్పింది నీరసం గురించి. కొన్నేళ్లకు నీరసం కూడా కొలవాల్సిన వాటిలో చేరింది. ఈ ఉదాహరణ నేను శిక్షణ తరగతుల్లో చాలాసార్లు చెప్పాను.

మూడు కొలతలకు మరో రెండు చేరాయి: నెలలో పనికి వెళ్లిన రోజులు, డోసు కోసం ఖర్చయ్యే సమయం. సమయం ఎలా కొలవాలన్నది వాళ్లే తేల్చారు. గేటు దగ్గర ఒక చీటీ, దాని మీద వచ్చిన టైము. రిజిస్టర్ దగ్గర ఇంకో టైము. మాత్ర నోట్లో పెట్టుకున్నప్పుడు ఒకటి, వెళ్లేటప్పుడు ఒకటి. రెండు వారాలు చీటీలు పోగేశాం. నాలుక కింద మాత్ర కరగడం వల్లే ఆలస్యమవుతోందని మా సిబ్బంది ఎప్పుడూ అంటారు. చీటీల్లో వేరే కనిపించింది. మాత్ర కరిగేదానికన్నా రెండు రిజిస్టర్లలో ఒకే సంతకం రెండుసార్లు పెట్టించే దగ్గర ఎక్కువసేపు పోతోంది. రెండో రిజిస్టర్ ఎందుకని ఆరా తీస్తే, ఎప్పుడో ముగిసిపోయిన ఒక పాత ప్రాజెక్టుదని తేలింది. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నడుస్తోంది. మర్నాడే తీసేశారు. ఇది పరిశోధన ఫలితం కిందికి రాదు, ఏ పత్రికా అచ్చేయదు. కానీ ఆ ఏడాదిన్నరలో పేషెంట్లకు అందరికన్నా ముందు దక్కిన లాభం ఇదే.

వాటా తగ్గితే తగ్గినట్టేనా

పేషెంట్లకు అంకెలు అర్థం కావని, సులువు చేసి చెప్పాలని ప్రతి మార్గదర్శిలోనూ ఉంటుంది. నిజమే, సులువు చేయాలి. కానీ మావాళ్లకూ సులువు చేస్తే బాగుండేది.

ఇంటికిచ్చే డోసుల మీద పెద్ద అనుభవం అమెరికాలో వచ్చింది. కోవిడ్ మొదలైన 2020 మార్చిలో అక్కడి ప్రభుత్వం మెథడోన్ నిబంధనలు సడలించింది. కుదుటపడ్డవాళ్లకు 28 రోజుల దాకా, మిగతావాళ్లలో తగినవారికి 14 రోజుల దాకా ఇంటికివ్వొచ్చని చెప్పింది. 2024లో ఇలాంటి వెసులుబాటును శాశ్వత నియమాల్లో చేర్చారు. ఈలోపు 2022లో అచ్చయిన ఒక విశ్లేషణ ప్రకారం ఓవర్‌డోస్ మరణాల్లో మెథడోన్ ఉన్నవాటి వాటా 2019లో 4.5 శాతం, 2021లో 3.2 శాతం. నేను ఈ స్లైడ్ వేసి, చూశారా, ప్రమాదం పెరగలేదు అన్నాను.

పెద్దాయన చేయెత్తారు. "ఆ ఏళ్లలో మొత్తం చావులు పెరిగాయా తగ్గాయా?"

బాగా పెరిగాయన్నాను. ఫెంటనిల్ అనే చాలా ఘాటైన మత్తుమందు వల్ల.

"కింద అంకె పెద్దదైతే పై అంకె అలాగే ఉన్నా వాటా తగ్గుతుంది కదా సార్. దీన్ని ఎలా నమ్మాలి?"

ఆయన ఒకప్పుడు గుమాస్తాగా పద్దులు రాసేవారట. ఆ వారం మళ్లీ అదే విశ్లేషణ తీసి నెలవారీ లెక్క చూశాను. మెథడోన్ ఉన్న మరణాలూ, లేని మరణాలూ రెండూ 2020 మార్చిలో ఒక్కసారిగా ఎగబాకాయి. ఆ తర్వాత మెథడోన్ లేనివి పెరుగుతూనే పోయాయి, ఉన్నవి పెరగలేదు. వాటాకన్నా ఇదే గట్టి ఆధారం. నివేదికలో స్లైడ్ తీసేసి ఇది పెట్టాం. మెథడోన్ లెక్కని బ్యూప్రెనార్ఫిన్‌కు అంటగట్టకూడదన్న హెచ్చరిక కూడా జతచేశాం. బ్యూప్రెనార్ఫిన్ డోసు పెరిగినా పెద్దవాళ్లలో ఊపిరి మందగించడం ఒక హద్దు దగ్గర ఆగుతుంది, మెథడోన్‌కు ఆ హద్దు లేదు.

టీచరమ్మ

ప్రజలంటే ఎవరు? పేషెంట్లు కానివాళ్లలో ఎవరిని పిలవాలి? మా బృందంలో చాలామంది సానుభూతి ఉన్నవాళ్లని పిలుద్దామన్నారు. నేను క్లినిక్‌ను ఆ వీధి నుంచి మార్చమని అర్జీ పెట్టినవాళ్లలో ఒకరిని అడిగాను. ప్యానెల్‌లో ఇద్దరు గట్టిగా కాదన్నారు. మమ్మల్ని దొంగల్లా చూసేవాళ్ల ముందు మేమేం మాట్లాడతాం అని. వాళ్ల మాట న్యాయమే కాబట్టి ఆవిడ రెండు మీటింగులకు మాత్రమే వచ్చేలా, ఆ రోజు రావడం మిగతావాళ్ల ఇష్టమని ఒప్పందం చేసుకున్నాం. అందరూ వచ్చారు.

ఆవిడ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఒకే ప్రశ్న అడిగారు. "ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పద్నాలుగు మాత్రలు ఎక్కడ పెడతారు?"

మా ప్రోటోకాల్‌లో దీని మీద ఒక్క వాక్యముంది: "సురక్షిత నిల్వపై కౌన్సెలింగ్ ఇవ్వబడుతుంది." ఆ వాక్యం ఎవరు రాశారో మాకే గుర్తులేదు. వెల్డింగ్ ఆయన అటక మీద అన్నారు. ప్యాకింగ్ పని చేసే ఆవిడ, "నా హ్యాండ్‌బ్యాగ్‌లో" అని ఆగి, "మా పాప రోజూ అదే తీసి ఆడుకుంటుంది" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

పసిపిల్లలకు ఒక్క మాత్రతో కూడా ఊపిరి ఆగే ప్రమాదముంది. పెద్దవాళ్ల విషయంలో నేను చెప్పిన హద్దు అక్కడ ఆదుకోదు. ఒక్కో డోసును విడిగా సీలు చేసిన ప్యాకింగులో ఇచ్చినప్పుడు పిల్లల చేతికి చిక్కడం బాగా తగ్గిందని అమెరికాలో పాయిజన్ కేంద్రాల లెక్కలు చూపించాయి. సీసాలో వదులుగా ఇచ్చే మాత్రలు మానేసి స్ట్రిప్పులో ఉన్నవే ఇవ్వాలి, తాళమున్న చిన్న డబ్బా ప్రతి ఇంటికీ ఇవ్వాలి అని సిఫారసుల్లో చేరింది. క్లినిక్ తరలిపోవాలన్న అభిప్రాయం ఆవిడ మార్చుకోలేదు. నివేదికలో అదీ రాశాం.

మినిట్స్

ఏడో మీటింగ్ మినిట్స్, అంటే ఎవరేమన్నారో రాసే నోట్సు, నేనే రాశాను. పేర్లు లేవు. "రాత్రిపూట డ్రైవింగ్ చేసే ఒక సభ్యుడు, కౌంటర్ సిబ్బంది మాట తీరు గురించి ప్రస్తావించారు" అని రాశాను. పేరు తీసేస్తే మనిషి మాయమవుతాడని అనుకున్నాను. రాత్రిపూట డ్రైవింగ్ చేసే పేషెంటు మా దగ్గర ఒక్కరే ఉన్నారు.

మినిట్స్ ఎవరెవరికి వెళ్లాయో చూసుకోలేదు. మూడో రోజు కౌంటర్ దగ్గర ఒకరు నవ్వుతూనే, "మా మీద కంప్లైంట్ పెట్టావంట కదా" అన్నారట. నవ్వుతూనే. ఆయన నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించే వేళకి.

ఆ తర్వాత ఆయన మీటింగులకు రాలేదు. డోసుకు రావాలి కాబట్టి రోజూ వస్తున్నారు. నేను వెళ్లి క్షమాపణ అడిగాను. "పర్లేదు సార్" అన్నారు. రోజూ మా చేతి మీదుగా మాత్ర తీసుకోవాల్సిన మనిషి అంతకన్నా ఏమంటారు? మిగతా రోగాల్లో ప్యానెల్‌కు కోపమొస్తే లేచి వెళ్లిపోవచ్చు, ఇంకో డాక్టర్ని చూసుకోవచ్చు. ఇక్కడ కోపమొచ్చినా మర్నాడు తొమ్మిదింటికి అదే కౌంటర్.

అప్పటి నుంచి మినిట్స్‌లో మనుషులు లేరు, అంశాలే ఉన్నాయి. బయటికి వెళ్లే ముందు ప్యానెల్ చదివి కొట్టేయాల్సినవి కొట్టేస్తుంది. చికిత్స చేసే సిబ్బంది ఎవరికీ కాపీ వెళ్లదు, మీటింగు గదిలోకీ రారు. నేను కూడా ప్యానెల్ సభ్యుల కేసుల నుంచి తప్పుకున్నాను. ఇవన్నీ మొదటి రోజే ఉండాల్సిన ఏర్పాట్లు.

తేలింది, తేలనిది

పేషెంట్లు పాలుపంచుకున్న తీరుని ఎలా నివేదించాలో చెప్పే గ్రిప్2 పట్టీ 2017లో వచ్చింది. 34 అంశాల పెద్దది, ఐదంశాల చిన్నది. మేం చిన్నది వాడాం. అందులో ఏది ఫలించింది, ఏది ఫలించలేదు, మనమేం నేర్చుకున్నాం అని రాయాల్సిన చోట్లున్నాయి. మినిట్స్ సంగతి అక్కడ రాశాం. నిధులిచ్చినవాళ్లు దాన్ని అనుబంధంలోకి మార్చమన్నారు. మార్చలేదు.

విధాన కమిటీ ఏడు రోజుల డోసులకు ఒప్పుకుంది, తాళం డబ్బాలకు ఒప్పుకుంది. పద్నాలుగు రోజులు వాయిదా వేసింది. కౌంటర్‌ను సాయంత్రం కూడా ఒక గంట తెరవాలన్న సిఫారసు మీద ఏమీ అనలేదు. ఇది మా అసలు ప్రోటోకాల్‌లో ఎక్కడా లేదు, చీటీల నుంచి పుట్టింది. ప్యానెల్‌కు మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

గ్రాంటు అయిపోయింది. ఇవ్వడానికి డబ్బు లేక ప్యానెల్‌ను పిలవడం ఆపేశాం. ఊరికే రమ్మనడం తగదనుకున్నాం. మూడు నెలల తర్వాత కారిడార్‌లో పెద్దాయన ఆపారు.

"మీటింగ్ మళ్లీ ఎప్పుడండీ?"

కొత్త దరఖాస్తు పెడుతున్నామని, వస్తే పిలుస్తామని చెప్పాను. ఈసారి యూరిన్ టెస్టుల మీద.

"దాంట్లో ప్రశ్న ఏం రాశారు?"

వాళ్లకు చూపించలేదు. రాసి, సరిదిద్ది, సంతకాలు కూడా పెట్టించి ఉంచాం. గడువు ఇంకా నాలుగు రోజులుంది. లోపలికెళ్లి ప్రింటు తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు తెచ్చుకోలేదని, మధ్యాహ్నం రెండున్నరకు వచ్చి కూర్చుంటానని అన్నారు.